ఓడకు పళ్ళు చూడటం ఎలా?

(విశాఖపట్నంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవారికి వినిపిస్తోందా? ఈ మైకు పనిచేయకపోయినా బెంగ లేదు. ముప్పయ్యేళ్ళు ఇంజన్ గదిలో అరిచి అరిచి మాట్లాడిన గొంతు ఇది. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, పక్కనున్న మనిషితో పక్క వీధికి వినబడేలా మాట్లాడతారని.

పోయిన నెల సమావేశం అయిపోయాక మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపారు. ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. "పిల్లలు మాకు ఓడ ప్రయాణానికి టికెట్లు తీస్తామంటున్నారండీ. ఆరా తీస్తే ఆ ఓడ 1990లో కట్టిందట. అంత పాత బస్సు అయితే ఎక్కుతామా? మరి ఓడ ఎక్కొచ్చా?" అని అడిగారు. ఒక్క ముక్కలో తేలేది కాదండీ అన్నాను. పక్కనే మన కార్యదర్శి గారు విన్నారు. ఒక్క ముక్కలో తేలకపోతే వచ్చే నెల తీరిగ్గా చెప్పండి అని నన్ను ఇలా ఇరికించారు.

ఎక్కొచ్చా అంటే, ఎక్కొచ్చు. కానీ పళ్ళు చూసి ఎక్కాలి.

మన పల్లెల్లో ఎద్దును కొనేవాడు మొట్టమొదట ఏం చేస్తాడు? నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. అమ్మేవాడు ఎంత వయసు చెప్పినా నమ్మడు. ఓడకూ అలా చూడొచ్చు. ప్రతి ప్రయాణికుల ఓడకూ ఐఎంఓ నంబరని, అంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పేరుతో, ఏడంకెల సంఖ్య ఉంటుంది. యజమాని మారినా, జెండా మారినా, రంగు మారినా, పేరు ఆరుసార్లు మారినా ఆ సంఖ్య మారదు. తుక్కు కింద కోసేదాకా అదే. ఓడ ఒంటి మీదే రాసి ఉంటుంది. దాన్ని ఇంటర్నెట్‌లో వెతకమని మీ మనవడికి చెప్పండి. ఓడ పుట్టిన ఏడు, పాత పేర్లు, పాత యజమానులు అన్నీ బయటికి వస్తాయి.

మన ఊరికి వచ్చిన ఓడ సంగతే చూడండి. 2022 జూన్‌లో కార్డీలియా అనే కంపెనీ వారి ఎంప్రెస్ అనే ఓడ ఇక్కడికి వచ్చినప్పుడు మీలో చాలామంది బీచి రోడ్డు మీద నిలబడి చూసే ఉంటారు. నేనూ చూశాను. కొత్త ఓడ వచ్చింది, కొత్త ఓడ వచ్చింది అని ఊరంతా ఒకటే సందడి. మనకు కొత్తే. దానికి మాత్రం అప్పటికే ముప్పయి రెండేళ్ళు. ఫ్రాన్సులోని సేంట్ నజేర్‌లో కట్టారు. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. 2004లో ఎంప్రెస్ ఆఫ్ ది సీస్ అయింది. 2008లో స్పెయిన్ కంపెనీకి వెళ్ళి ఉత్త ఎంప్రెస్ అయింది. 2016లో పుట్టింటికి తిరిగొచ్చి మళ్ళీ ఎంప్రెస్ ఆఫ్ ది సీస్. 2020 చివర్లో దాన్ని అమ్మేశారు. 2021లో ముంబైలో మళ్ళీ ఎంప్రెస్‌గా తేలింది. మన ఆడపిల్లలకు ఇంటిపేరు ఒక్కసారి మారితేనే ఆధార్ కార్డుకూ బ్యాంకుకూ తిరగలేక చస్తున్నారు!

ఇప్పుడు దాని తోటిదాని కథ వినండి. అదే 1990లో, ఇటలీలో కట్టిన క్రౌన్ ప్రిన్సెస్ అని ఇంకో ఓడ సేవలోకి వచ్చింది. దాని రూపం గీసినవాడు రెంజో పియానో అనే గొప్ప వాస్తుశిల్పి. ముందు నుంచి చూస్తే డాల్ఫిన్ తలలా ఉండేది. చేతులు మారి మారి 2019లో కర్ణిక అనే పేరుతో ఇదీ ముంబైకే వచ్చింది. జలేష్ అనే కంపెనీ నడిపింది. ఏడాది తిరిగేసరికి కోవిడ్, కంపెనీ మూత, ఓడ గుజరాత్‌లో అలంగ్ తీరానికి, అంటే తుక్కుకు. ఇద్దరూ ఒకే ఏటివారు. ఒకరు ముప్పయ్యో ఏట ముక్కలయ్యారు, ఇంకొకరు ముప్పయి దాటాక మన ఊరికి చుట్టపుచూపుగా వచ్చారు. మరి వయసును చూసి ఏం తేల్చుతారు?

ఇంకా ముసలిది కావాలా? స్టాక్‌హోమ్ అనే స్వీడన్ ఓడ 1948లో తొలి ప్రయాణం చేసింది. 1956 జూలైలో అమెరికా తీరాన పొగమంచులో ఆండ్రియా డోరియా అనే పెద్ద ఇటలీ ఓడను గుద్దింది. దెబ్బ తిన్న ఓడ మర్నాడు మునిగిపోయింది. గుద్దిన ఓడ నలిగిన ముక్కుతో న్యూయార్కు చేరి, కొత్త ముక్కు పెట్టించుకుని, పేర్లు మార్చుకుంటూ ఆస్టోరియాగా 2020 దాకా ప్రయాణికులను మోసింది. డెబ్భై ఏళ్ళు దాటాక కూడా! 2025లో గాని తుక్కుకు పోలేదు.

ఇదెలా సాధ్యం? ఇనుముకు మందు ఉంది కాబట్టి. ఓడ పొట్టలో రేకు మందం ఎంత తగ్గిందో శబ్దతరంగాలతో కొలుస్తారు. హద్దు దాటి పలచబడితే ఆ ముక్క కోసేసి కొత్త ముక్క అతుకుతారు. మా రోజుల్లో ఆ యంత్రంతో పాటు సుత్తి కూడా ఉండేది. కొట్టి వినేవాళ్ళం. మన అమ్మలు సంతలో కుండను వేలితో కొట్టి వినేవారు చూడండి, అచ్చం అదే. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్బుమంటుంది. ప్రయాణికుల ఓడకు ఏటేటా తనిఖీ ఉంటుంది, అయిదేళ్ళకోసారి నిలువునా పరీక్ష ఉంటుంది. మధ్యలో డ్రై డాక్‌కు, అంటే నీళ్ళు తోడేసే మరమ్మతు రేవుకు, ఎక్కించి అడుగంతా గీకి రంగు వేస్తారు. కాబట్టి ఓడ ఎప్పుడు పుట్టింది అని మాత్రమే అడక్కండి. డ్రై డాక్‌కు ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళింది, అక్కడ ఏం చేశారు అని అడగండి. తివాచీలు మార్చారా, పైపులు మార్చారా?

ఆ పైపుల దగ్గర కాసేపు ఆగుతాను. మీకు విసుగనిపిస్తే క్షమించాలి, ఇది నా వృత్తి.

ఓడ ముసలితనం ఇనుములో కన్నా ముందు పైపుల్లో కనబడుతుంది. మంచినీళ్ళు, వేడినీళ్ళు, మురుగు, ఏసీ చల్లనీళ్ళు, మంటలార్పే నీళ్ళు, అన్నీ కిలోమీటర్ల కొద్దీ గోడల వెనక, పైకప్పుల పైన పాకి ఉంటాయి. వాటిని మార్చాలంటే వందల గదులు పెకలించాలి. ఎవరు చేస్తారు? కారిన చోట పట్టీ వేస్తారు. ఇంకో చోట కారుతుంది, అక్కడ ఇంకో పట్టీ. ఇల్లు పాతబడితే గోడలకు సున్నం కొడతాం, తూములు అలాగే ఉంటాయి. సరిగ్గా అదే.

పదేళ్ళ కిందట మేమిద్దరం మధ్యధరా సముద్రంలో ఒక పాత ఓడలో వారం రోజులు తిరిగాం. కంపెనీ పేరు వద్దులెండి. మొదటి రోజు పొద్దున్నే కుళాయి తిప్పితే టీ డికాషన్ లాంటి నీళ్ళు వచ్చాయి. మా ఆవిడ నన్ను చూసింది. "ఇదేనా మీరు ముప్పయ్యేళ్ళు చేసిన ఉద్యోగం?" అంది. నేను చేసినవి సరుకు ఓడలండీ, వాటిలో మా కుళాయిలు బాగానే ఉండేవి! అయిదు నిమిషాలు వదిలేస్తే నీళ్ళు తేటపడ్డాయి. మూడో రోజు మా నడవలో మరుగుదొడ్లు పనిచేయలేదు. ఓడల్లో మురుగును నీళ్ళు తోసుకుపోవు, గాలి పీల్చుకుపోతుంది. ఒక చోట అడ్డుపడితే ఆ వరసంతా ఆగిపోతుంది. నా తోటి ప్రయాణికుడొకడు పిల్లల గుడ్డ ఏదో అందులో వేశాడట. అది ఓడ తప్పా? సగం ఓడది, సగం ఆయనది. కొత్త ఓడలోనూ అలా జరగొచ్చు. కానీ లోపల గార కట్టి సన్నబడిన పైపులో త్వరగా జరుగుతుంది.

అయిదో రోజు ఇంజన్లలో ఒకటి మొరాయించింది. ప్రయాణికులెవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. భోజనం చేస్తుంటే కాళ్ళ కింద అదురు మారింది. ఆవిడతో చెప్పాను, రేపు ఆ దీవికి వెళ్ళం అని. గంటకు కెప్టెన్ ప్రకటన వచ్చింది, సాంకేతిక కారణాల వల్ల వేగం తగ్గిస్తున్నాం, దీవి రద్దు అని. రేవు పన్ను తిరిగి ఇచ్చారు, అంతే. టికెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, దారి మార్చే హక్కు మాకుంది అని. కాబట్టి ఫలానా ఊరు చూడాలనే వెళ్ళేవారు పాత ఓడ మీద ఆశ పెట్టుకోకండి. ఓడలో ఉండటానికే వెళ్ళేవారికి ఆ బాధ లేదు.

ఇంత తిట్టాను కదా, మరి మళ్ళీ వెళతావా అంటే వెళతాను. ఎందుకో చెబుతాను.

ఇప్పటి ఓడలు మీకు తెలుసా? 2024లో ఐకాన్ ఆఫ్ ది సీస్ అని ఒకటి వచ్చింది. ఇరవై అంతస్తులు, 365 మీటర్ల పొడవు, రెండు లక్షల నలభై ఎనిమిది వేల టన్నులు. ఎంప్రెస్ నలభై ఎనిమిది వేలు. అంటే అయిదు ఎంప్రెస్‌లు ఒక ఐకాన్. ఈ టన్నులంటే బరువు అనుకునేరు. కాదు. లోపల ఎంత చోటుందో చెప్పే కొలత అది. పూర్వం ఓడలో ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో లెక్క వేసేవారట, ఆ పీపా పేరే టన్ను అయింది. ఆ పెద్ద ఓడలో ఏడు వేల మంది ప్రయాణికులు పట్టేస్తారు. జారుడుబల్లలు, మంచు మీద ఆటలు, బజార్లు, అన్నీ ఉన్నాయి. లేనిదేమిటి? సముద్రం. ఉంటుంది లెండి, ఎక్కడో కింద, పదిహేనో అంతస్తు నుంచి చూస్తే నీలం గచ్చులా.

పాత ఓడలో అలా కాదు. మేమెక్కిన ఓడలో లైఫ్‌బోట్ల కింద చుట్టూరా టేకు చెక్క నడవ ఉండేది. ముక్కు దగ్గర మొదలుపెడితే తోక చుట్టి మళ్ళీ ముక్కు దగ్గరికి రావచ్చు. పొద్దున్నే అయిదింటికి ఆవిడా నేనూ నాలుగు చుట్లు నడిచేవాళ్ళం. నీళ్ళు ఎంత దగ్గరంటే కెరటం చిమ్మితే పెదవి ఉప్పగా అయ్యేది. ఆ వేళకు మేమూ, డెక్కు కడిగే గోవా కుర్రాడూ తప్ప ఎవరూ లేరు. రెండో రోజుకే వడ్డించేవాడికి మా పేర్లూ, ఆవిడకు మిరపకాయ కావాలన్న సంగతీ తెలిసిపోయాయి. ఏడు వేల మందిలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇంకొకటి. చిన్న ఓడ చిన్న రేవుల్లోకి పోతుంది. గ్రీసులో కొరింత్ కాలువ ఉంది. కొండను నిట్టనిలువుగా కోసి తవ్విన కాలువ, ఇరుకైన చోట 24 మీటర్లే. 2019 అక్టోబరులో బ్రేమార్ అనే ఓడ అందులోంచి దూరింది. దాని వెడల్పు ఇరవై రెండున్నర మీటర్లు! రెండు పక్కలా కలిపి మిగిలింది ఒకటిన్నర మీటరు. ఆ కాలువలో దూరిన ఓడలన్నిటిలో అదే పెద్దది. ఆ ఓడ పుట్టింది 1993లో. కొత్త మహానౌకలు ఆ కాలువ ముఖం కూడా చూడలేవు.

సరే, అసలు భయానికి వద్దాం. పెద్దాయన మనసులో ఉన్న ప్రశ్న పైపులు కాదు. మునుగుతుందా? అదే కదండీ?

కోస్టా కాంకార్డియా 2012లో ఇటలీ తీరాన రాతికి గుద్దుకుని పక్కకు ఒరిగింది. ముప్పయి రెండు మంది పోయారు. దాని వయసు ఆరేళ్ళు. అది మనిషి చేసిన తప్పు. ఓడ కొత్తదైతే మాత్రం రాయి ఊరుకుంటుందా?

రెండో ఉదాహరణ పాతది. ఓషియానోస్, 1952లో కట్టింది. 1991 ఆగస్టులో దక్షిణాఫ్రికా తీరాన తుపానులో మునిగింది. కారణం విన్నారా? మళ్ళీ పైపులే! మురుగు తొట్టి దగ్గర నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే కవాటాలను మరమ్మతుకు ఊడదీసి మళ్ళీ పెట్టలేదు. నీళ్ళు రాకూడని అడ్డుగోడకు ఒక రంధ్రం ఉండిపోయింది. ఇంజన్ గది మునిగింది, దాంతో మురుగు పైపుల్లోంచి సముద్రం ఎదురెక్కి షవర్లలోంచీ మరుగుదొడ్లలోంచీ పొంగింది. కెప్టెన్ ముందుగానే దిగిపోయాడు. ఓడలో గిటారు వాయించే మాస్ హిల్స్ అనే సంగీతకారుడు రేడియో అందుకుని సాయం కోసం పిలిచాడు. హెలికాప్టర్లు వచ్చాయి, చుట్టుపక్కల ఓడలు వచ్చాయి. అయిదువందల మందికి పైగా ఉన్న ఓడ అది. అందరూ బతికారు, ఒక్కరు కూడా పోలేదు. ఆ ఓడను ముంచింది ముసలితనం అంటారా? నేనైతే ఊడదీసి మరిచిపోయినవాడి చెయ్యి అంటాను.

అలాగని పాతా కొత్తా ఒకటే అని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఒక తేడా ఉంది, నిజమైన తేడా. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడలో నూనె గొట్టం కారి ఇంజన్ గదిలో మంట లేచింది. మంట ఆర్పారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ కరెంటు పోయింది. నాలుగు వేల మందికి పైగా జనం, రోజుల తరబడి ఏసీ లేదు, మరుగుదొడ్లు లేవు. ఇలాంటివి జరగకూడదనే అంతకుముందే ఒక అంతర్జాతీయ నిబంధన వచ్చింది, కానీ కొత్త ఓడలకే. 2010 జూలై తరవాత నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల ఓడల్లో ఒక ఇంజన్ గది కాలిపోయినా రెండోది పనిచేసి రేవు చేరేలా కట్టాలి. ట్రయంఫ్ 1999 నాటిది, దానికి ఆ నిబంధన లేదు. 1990 నాటి వాటికి అంతకన్నా లేదు. డ్రై డాక్‌కు ఎన్నిసార్లు ఎక్కించినా ఇది వచ్చేది కాదు. పుట్టుకతో రావాలి.

నిప్పు విషయంలో మాత్రం ముసలి ఓడలను బాగానే జల్లెడ పట్టారు. పూర్వపు ఓడల లోపల ఎక్కడ చూసినా చెక్క పలకలు, ఎంత అందంగా ఉండేవో! 2010 అక్టోబరుకల్లా మండే పదార్థాలన్నీ తీసేయాలన్నారు. ఆ ఖర్చు భరించలేక ఎన్నో మంచి ఓడలు తుక్కుకు పోయాయి. నాకు కొంచెం బాధే. కానీ నిద్రలో పొగ పీల్చి చావడం కన్నా ప్లాస్టిక్ పూత గోడ మేలు.

ఇక మన వయసువారికి చెప్పాల్సింది. ఇక్కడ మోకాళ్ళు బాగున్నవారు చేతులెత్తండి. చూశారా! పాత ఓడల్లో స్నానాల గది గుమ్మం జానెడు ఎత్తుంటుంది. నడవలు ఇరుకు. చక్రాల కుర్చీ పట్టే గదులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బాల్కనీ గదులు తక్కువ, కిటికీ లేని గదులు ఎక్కువ. మంచం పక్కన ప్లగ్గు ఉండదు. రాత్రి గురకకు యంత్రం పెట్టుకునేవారు ముందే రాసి అడగాలి. చిన్న ఓడ ఊగుతుంది కూడా. నీటి కింద రెక్కలుంటాయి, ఊపు తగ్గిస్తాయి, అయినా అక్టోబరు నవంబరు నెలల్లో మన బంగాళాఖాతం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

డబ్బు గురించి రెండు మాటలు. పాత ఓడ టికెట్టు చవక, నిజమే. కానీ పాత ఓడలు తరచుగా చిన్న కంపెనీల చేతిలో ఉంటాయి. 2020లో జలేష్ ఒక్కటే కాదు, బ్రిటన్‌లో పాత ఓడలు నడిపే సీఎంవీ కూడా మూతపడింది. ఏడాది ముందే పూర్తి సొమ్ము కట్టేయకండి. బీమా తీసుకుంటే కంపెనీ మూతపడితే సొమ్ము వస్తుందా లేదా అని ఆ ముక్క వెతికి చదవండి. అమెరికాలో పిల్లలున్నవారు అక్కడ ఓడ ఎక్కితే ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పకుండా ఓడల్లోకి వెళ్ళి వంటగదీ నీళ్ళూ తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తుంది. 86 వస్తేనే పాసు. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. మన పదో తరగతి పరీక్షల్లా గ్రేసు మార్కులు కూడా ఉండవు!

మన తాతల కాలంలో ఇక్కడి నుంచీ కాకినాడ నుంచీ రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన ఓడలకు ఎవరూ వయసు అడగలేదు. డెక్కు మీద చాప పరుచుకుని, బియ్యం మూట తలకింద పెట్టుకుని వెళ్ళారు. అది బతుకు కోసం. మనది సరదా కోసం. సరదాకు వెళ్ళేవాడు అడగొచ్చు, అడగాలి కూడా.

ఏమిటమ్మా? ఏ గది తీసుకోవాలనా? మంచి ప్రశ్న. ఓడ పొడవుకు నడిమధ్య, కింది అంతస్తుల్లో. ఊపు అక్కడే తక్కువ. ముక్కు దగ్గర వద్దు, తెల్లవారుజామున లంగరు గొలుసు దిగితే మంచం మీంచి లేచి కూర్చుంటారు. తోక దగ్గర వద్దు, ప్రొపెల్లరు అదురు ఉంటుంది, పాత ఓడలో మరీ ఎక్కువ. పైన నాట్యశాల ఉందో లేదో పటంలో చూడండి. పైనా కిందా గదులే ఉన్న గది తీసుకోండి. ఎక్కగానే కుళాయి తిప్పి వదిలేయండి, ఈలోగా మెట్లదారి ఎటో చూసి రండి. లైఫ్‌జాకెట్ల శిక్షణకు పిలిస్తే టిఫిను వదిలేసి మరీ వెళ్ళండి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. పెద్దాయనా, మీ ఓడ నంబరు తెచ్చారా? కాఫీ దగ్గర చూద్దాం రండి.